మండవల్లిలో మాత్రమే మోగే హమ్

"మీరు దీన్ని బాగుచేశారా, లేకపోతే బుజ్జగించి పంపించేశారా?"

అంటూ ఆ అమ్మాయి గిటార్ ఆంప్‌ని తెచ్చి నా బల్ల మీద దించింది. దించింది అని మర్యాదకి అంటున్నాను. బల్ల మీదున్న స్క్రూలన్నీ ఎగిరి మళ్ళీ కూర్చున్నాయి.

నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. నా పనికి వంక పెడితే చాలు. పైగా సోమవారం పొద్దున్న, ఇంకా బోణీ కూడా కాలేదు.

"కూర్చుని తిట్టొచ్చు కదండీ" అన్నాను స్టూలు జరుపుతూ.

"కూర్చోడానికి మండవల్లి నుంచి రాలేదండి. శుక్రవారం పట్టుకెళ్ళాను. నిన్న ఆన్ చేస్తే మళ్ళీ అదే గుంయ్ మని హమ్."

"అదే అయ్యుండదండి."

"అంటే నాకు చెముడా?"

నా పేరు ఫణికిరణ్. ఏలూరు పవర్‌పేటలో నాదొక చిన్న రిపేరు కొట్టు. గుడి స్పీకర్లు, చర్చి మిక్సర్లు, పెళ్ళిళ్ళ మైకుసెట్లు, అన్నీ చూస్తాను. ట్యూబ్ ఆంప్‌లు మాత్రం అరుదుగా వస్తాయి. పాతకాలం రేడియోల్లో గాజు గొట్టాలుండేవి, అవి వేడెక్కి ఎర్రగా వెలిగితేగానీ పాట వచ్చేది కాదు. కొందరు గిటారిస్టులకు ఇప్పటికీ ఆ గొట్టాల్లోంచి వచ్చే శబ్దమే కావాలి. తాడేపల్లిగూడెంలో మా మావయ్య సినిమాహాల్లో ఆపరేటరు. ఆ హాలు మూసేసేదాకా ట్యూబుల మీదే నడిచింది. నాకు ఈ పని అక్కడే అబ్బింది.

ఈ అమ్మాయి పేరు జాయ్సీ. బెజవాడలో ఏదో బ్యాండ్ వాళ్ళు విడిపోయి సామాన్లు అమ్ముకుంటుంటే ఈ ఆంప్ కొనుక్కుంది. పోయిన వారం నా దగ్గరికి తెచ్చినప్పుడు అది కందిరీగల తుట్టెలా రొద పెడుతోంది. లోపల కెపాసిటర్లు ఎండిపోయాయి. మార్చేశాను. రొద పోయింది. నా లెక్కలో ఆ కథ అక్కడితో ముగిసింది.

మాట్లాడకుండా ఆంప్‌ని ప్లగ్గులో పెట్టాను. ట్యూబులు వేడెక్కాయి. వాల్యూమ్ మొత్తం పెంచాను. గోడ మీద గడియారం టిక్ టిక్ వినిపిస్తోంది తప్ప స్పీకర్లో చడీచప్పుడూ లేదు.

జాయ్సీ ముఖంలో కోపం కాస్తా అయోమయంలోకి దిగింది. వీపున ఉన్న గిటార్ తీసి, ఆంప్‌కి వైరు గుచ్చి, ఒక్కసారి మీటింది. నా కొట్లో ఉన్న పాత స్పీకర్లన్నీ సిగ్గుపడేంత బాగుంది. ఆ మాట పైకి అనలేదు.

"ఇక్కడ రావట్లేదు" అంది నెమ్మదిగా.

"మీ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడేమో చూసుకోండి."

నావైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకి ఫ్రిజ్ అక్కర్లేదు, మనిషి అలాగే గడ్డకట్టుకుపోతాడు. తర్వాత గిటార్ మీద లావు తీగ మూడో మెట్టు దగ్గర నొక్కి మీటింది.

"ఇది జి. పోయిన వారం మీ దగ్గరికి తెచ్చినప్పుడు వచ్చిన చప్పుడు ఇదేనండి, ఓ వెంట్రుకవాసి పైన. నిన్న మా ఇంట్లో వచ్చింది దీనికి సరిగ్గా ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి కింద. అదీ జీయే. కానీ ఇది కాదు."

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"ఇంకోసారి చెప్పండి."

"చెముడు ఎవరికో తెలిసిందిప్పుడు" అని, మళ్ళీ చెప్పింది.

మన ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. ఆంప్ లోపల దాన్ని మార్చేటప్పుడు ఆ యాభై వంద అవుతుంది. కెపాసిటర్లు పాడైతే వినిపించేది ఆ వంద. అది ఈ అమ్మాయి చెప్పిన పై జి. కింది జి అంటే యాభై. అంటే బయటి కరెంటు నేరుగా ఎక్కడో దూరుతోంది. మామూలుగా ఈ తేడా మీటర్లతో కొలుస్తాం. ఈ పిల్ల చెవులతో కొలిచింది.

"మొదటి దొంగని నేను పట్టేశానండి. ఇది రెండోవాడు" అన్నాను.

"దొంగలు ఇద్దరని అప్పుడే చెప్పొచ్చు కదండీ?"

"అప్పటికి ఒకడి అరుపే వినపడిందండి."

నవ్వు ఆపుకుంది. పెదవి చివర కొంచెం ఒలికింది. నేను ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తో ఆంప్ వెనక పలక విప్పడం మొదలెట్టాను.

"జేబులో చెయ్యేంటి? స్టైలా?"

"ఇందులో వందల వోల్టులుంటాయండి. ప్లగ్గు పీకినా కాసేపు ఉంటాయి. రెండు చేతులూ లోపల పెడితే ఓ చేతిలోంచి ఎక్కి గుండె మీదుగా రెండో చేతిలోకి పోతుంది. ఒక చెయ్యి జేబులో ఉంటే దానికి దారి దొరకదు."

అప్పుడు కూర్చుంది స్టూలు మీద. మెల్లగా అసలు సంగతి చెప్పింది. హైదరాబాద్‌లో ఒక స్టూడియో. వాళ్ళ పాటలకి ఇంటి నుంచే గిటార్ వాయించి పంపే ఉద్యోగం. జాయ్సీ పంపిన మొదటి శాంపిల్ విని, వాయింపు బాగుంది, వెనక ఆ రొదేంటమ్మా అన్నారట. ఇంకొక్క అవకాశం ఇచ్చారట. శనివారం సాయంత్రం ఆరింటికల్లా శబ్దం లేని ట్రాక్ పంపాలి.

"పంపకపోతే?"

"నాన్న నాకు పెదవేగి దగ్గర పామాయిల్ తోటల ఆఫీసులో కంప్యూటర్ పని చూశారు. వచ్చే సోమవారం చేరాలి. ట్రాక్ ఓకే అవ్వకపోతే చేరతానని మాటిచ్చేశానండి. మాటిస్తే తప్పను."

"ఇక్కడే రికార్డు చేసి పంపెయ్యండి. ఎలాగూ హమ్ లేదుగా."

"ఈ ఒక్కటీ మీ కొట్లో చేస్తాను. తర్వాతవి? ప్రతిసారీ మండవల్లి నుంచి ఇక్కడికి రావాలా?"

రావచ్చు కదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"రేపు మీ ఇంటికొస్తాను" అన్నాను. "ఆ రెండోవాడి సంగతి తేల్చకపోతే నా పేరు ఫణి కాదు."

"పేరు మార్చుకోడానికి సిద్ధంగా ఉండండి" అని ఆంప్ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం కైకలూరు రోడ్డు మీద కొల్లేటి మధ్యలోంచి బైకు మీద వెళ్ళాను. ఎండ చుర్రుమంటోంది. రెండువైపులా చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు, నీళ్ళ మీద తెల్లటి కొంగలు. మండవల్లి దాటాక చెరువుల మధ్య వాళ్ళ డాబా. జాయ్సీ వాళ్ళ నాన్న పాపారావు గారు చేపల రైతు. మనిషి గట్టిగా, మాట మెత్తగా ఉన్నారు.

"రండి బాబూ. ఆ పెట్టెలో దెయ్యాన్ని పట్టడానికొచ్చింది మీరేనా?"

ఆంప్ ఆన్ చేశాం. దెయ్యం లేదు. గిటార్ గుచ్చాం. లేదు. లైట్లన్నీ వేశాం, ఫ్యాన్లు తిప్పాం, మిక్సీ కూడా తిప్పాం. అయినా లేదు.

జాయ్సీ ముఖం కందగడ్డలా అయింది. "మొన్న పొద్దున్న కూడా ఉందండి. ఒట్టు."

"మీ అమ్మాయి నన్ను చూడాలనుకుంటే ఫోన్ చేస్తే చాలు కదండీ, ఆంప్ మీద నింద ఎందుకు?" అన్నాను. ఏదో తేలిక చేద్దామని.

అది సమయం కాదు. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇది మీకు సరదా. నాకు శనివారం" అని లోపలికెళ్ళిపోయింది. నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపించింది. వాళ్ళమ్మ మాణిక్యం గారు మజ్జిగ తెచ్చి, "దానికి కోపం ఎక్కువ బాబూ, ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది" అన్నారు. ఆ రోజు మాత్రం పోలేదు.

గురువారం మధ్యాహ్నం ఫోన్. "వచ్చింది! వినండి!"

ఫోన్ చెవికి నొక్కి పెట్టుకున్నాను. ఏమీ లేదు.

"వినపడట్లేదండి."

"గోడలు అదిరిపోతున్నాయి! మీకు చెవులున్నాయా?"

తర్వాత అర్థమైంది. అంత కింది స్వరాన్ని ఫోన్ మోయలేదు. కానీ అప్పుడు నేను బైకెక్కి వెళ్ళేసరికి మబ్బు విడిపోయింది, హమ్ కూడా ఆగిపోయింది. గేటు దగ్గర జాయ్సీ నిలబడి ఉంది, తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు.

"ఇంక వదిలేద్దామండి. ఎల్లుండే శనివారం" అంది.

"వదిలేదే లేదు. మంగళవారం వాగినందుకు నన్ను తిట్టండి, కొట్టండి. దీన్ని మాత్రం వదలొద్దు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు అంటారు."

"నేను మీకన్నా మొండిదాన్ని."

"అందుకే అంటున్నాను."

"రేపు పొద్దున్నే వస్తారా?" అంది. ఆ రాత్రి తాడేపల్లిగూడెం ఫోన్ చేస్తే మా అమ్మ, "ఏరా, గొంతు అలా ఉందేంటి? ఎవరా అమ్మాయి?" అంది. ఆంప్ గురించి అమ్మా అన్నాను. అమ్మ నమ్మలేదు.

శుక్రవారం తెల్లవారేసరికి ఆకాశం నల్లగా ఉంది. దారి పొడవునా సన్నటి జల్లు. తడిసి ముద్దయి వాళ్ళ వాకిట్లోకి అడుగుపెట్టానో లేదో లోపల్నుంచి వినిపించింది. గుంయ్ మని, నేలలోంచి వస్తున్నట్టు, లావుగా.

జాయ్సీ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఒక రోగం దొరికినందుకు ఇద్దరు మనుషులు అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు. తువ్వాలు నా మీదికి విసిరి, "తల తుడుచుకుని పని చూడండి" అంది.

ముందు ఆంప్‌లోంచి గిటార్ వైరు పీకేశాను. హమ్ టక్కున ఆగిపోయింది. మళ్ళీ గుచ్చాను. వచ్చింది.

"చూశారా! నా ఆంప్ తప్పు కాదు" అన్నాను.

"మీ ఆంపా? ఎప్పట్నుంచండీ?"

చెవులు వేడెక్కాయి. విననట్టు నటించి, "గిటార్ పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిరగండి" అన్నాను.

"డాన్స్ కూడా చెయ్యాలా?"

"గిటార్‌లో ఆ అయస్కాంతాల చుట్టూ ఉన్న తీగచుట్టలు కరెంటు ఎటునుంచి వస్తోందో పసిగడతాయండి. తిరగండి."

తిరిగింది. రోడ్డువైపు తిరిగితే హమ్ సన్నబడింది. పెరటివైపు తిరిగితే పెరిగింది. రెండోసారి తిరిగినా అంతే. మూడోసారి అవసరం లేదు, అయినా తిరగమన్నాను. జడ విసురుగా తిరుగుతుంటే బాగుంది, అబద్ధమెందుకు?

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి మాణిక్యం గారు "అబ్బా!" అన్నారు.

పరుగెత్తాం. ఆవిడ కుళాయి దగ్గర చెయ్యి విదిలించుకుంటున్నారు.

"ఏం లేదు బాబూ, ఎప్పుడూ ఉండేదే. తుఫాను కాలం నుంచీ అంతే. మబ్బు రోజుల్లో కుళాయి ముట్టుకుంటే చురుక్కుమంటుంది. నరాల బలహీనత. బలం బిళ్ళలు మింగుతూనే ఉన్నాను, తగ్గట్లేదు."

"మబ్బు రోజుల్లోనేనా అమ్మా?" అంది జాయ్సీ. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి కళ్ళు పెరటి చెరువు మీదికి వెళ్ళిపోయాయి. "ఏరియేటర్!"

ఇంటి వెనక చిన్న చెరువులో వాళ్ళు చేపపిల్లల్ని పెంచుతారు. ఎండ లేని రోజు నీళ్ళలో గాలి తగ్గి పిల్లలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అందుకే మబ్బు పడితే పగలంతా ఏరియేటర్ తిప్పి నీళ్ళు చిలకాలి. రాత్రిళ్ళు ఎలాగూ తిప్పుతారు, కానీ రాత్రి గిటార్ ముట్టుకుంటే పాపారావు గారు ఊరుకోరు. ఎండ ఉన్న పగలు అది ఆగి ఉంటుంది. ఇవాళ్టిదాకా నేను వచ్చినప్పుడల్లా ఎండే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

ఏరియేటర్ షెడ్డు వెనక్కి వెళ్ళి చూశాను. కరెంటు ఒక తీగలో వచ్చి, ఇంకో తీగలో వెనక్కి పోవాలి. ఆ వెనక్కి పోయే తీగ స్తంభం దగ్గరే తెగి వేలాడుతోంది. దాని బదులు మోటారు నుంచి ఒక వైరు తెచ్చి బోరు గొట్టానికి చుట్టేశారు. కరెంటు భూమిలోంచి తన తిప్పలు తాను పడుతూ వెనక్కి పోతోంది. ఇంటి ఎర్త్ వైరు కూడా ఆ బోరు గొట్టానికే. కుళాయి కూడా ఆ గొట్టమే.

"పాపారావు గారూ, ఇది ఎవరు కట్టారండీ?"

"నేనే బాబూ. తుఫానుకి తీగ తెగిపోయింది. చేపపిల్లలు ఆగవు కదా. తాత్కాలికంగా కట్టాను. మా చెరువుల మీద అందరూ చేసేదే. పనిచేస్తోంది కదండీ?"

"పనిచేస్తోందండీ. మీ కుళాయిలో కూడా పనిచేస్తోంది."

టెస్టర్ కుళాయికి తాకించాను. ఎర్రగా వెలిగింది. పాపారావు గారు ఆ వెలుగు చూశారు. తర్వాత భార్య చెయ్యి చూశారు.

"ఇన్నాళ్ళూ నీకు నరాలని..." అని ఆగిపోయారు.

"పోనీలెండి, బిళ్ళలతో బలమైనా వచ్చింది" అన్నారు మాణిక్యం గారు. ఆయన నవ్వలేదు.

కొత్త కేబుల్ లాగి, ఎర్త్‌కి వేరే గొయ్యి తియ్యాలి. అంతసేపూ ఏరియేటర్ ఆపాలి. రేపు కూడా మబ్బే అని ఫోన్‌లో చూపిస్తోంది. పాపారావు గారు చెరువు వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

"ఎండ వచ్చాక చేద్దాం బాబూ. గంట ఆగితే పిల్లలు తేలిపోతాయి. ఏడాది కష్టం."

"ఎండ ఎప్పుడొస్తుందో తెలియదండి. ఈలోగా తడిచేత్తో ఎవరైనా గట్టిగా పట్టుకుంటే చురుక్కుతో పోదు. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు."

"నాన్నా, మీరు మోటారు ఆపండి. దోనె వేసుకుని నేను నీళ్ళు చిలుకుతాను" అంది జాయ్సీ. "కేబుల్ పడేదాకా ఒక్క పిల్ల తేలనివ్వను."

"రేపే కదమ్మా నీ పాట? చేతులు బొబ్బలెక్కుతాయి."

"ఎక్కనివ్వండి."

ఆ సాయంత్రం కుళాయికి గోనెపట్టా చుట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, కైకలూరు వెళ్ళి కేబుల్ తెచ్చాను.

శనివారం పొద్దున్న మెయిన్ ఆపేశాం. ఏరియేటర్ నిలిచిపోయి చెరువు ఒక్కసారిగా మూగదైంది. జాయ్సీ చున్నీ నడుముకి బిగించి దోనెలో నిలబడింది. గెడతో నీళ్ళని కొడుతూ, చిలుకుతూ, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తిరగడం మొదలెట్టింది. పాపారావు గారు గొయ్యి తవ్వారు. ఎర్త్ బాగా పట్టడానికి మాణిక్యం గారు అందులోకి కల్లుప్పూ బొగ్గులూ తెచ్చి పోశారు. నేను గట్టు వెంట కేబుల్ పాతుతూ పోయాను.

ఒక మూల చిన్న చిన్న నోళ్ళు తేలాయి. పాపారావు గారు పలుగు వదిలేసి లేచారు. అప్పటికే జాయ్సీ దోనె అటు తిప్పి ఆ మూలంతా కలియబెట్టేసింది. నోళ్ళు మునిగిపోయాయి. జల్లులో తడిసిన జుట్టు బుగ్గలకి అంటుకుని, పంటి బిగువున గెడ వేస్తున్న ఆ అమ్మాయిని చూస్తూ నేను వైరు ఒలవడం మర్చిపోయాను.

"ఫణి గారూ! నన్ను చూడ్డం మానేసి తీగ చూడండి!"

చెరువంతా వినపడింది. పాపారావు గారు గొయ్యిలోంచి తలెత్తి నావైపు చూసి, మళ్ళీ తవ్వుకున్నారు. నేను తర్వాత తల ఎత్తలేదు.

కేబుల్ పడింది. మెయిన్ వేశాం. ఏరియేటర్ నురగలు కక్కుతూ తిరిగింది. కుళాయికి టెస్టర్ పెట్టాను. వెలగలేదు. మాణిక్యం గారు చెయ్యి చాపబోతే పాపారావు గారు అడ్డొచ్చారు. "ముందు నేను" అని, చెయ్యి తడుపుకుని, కుళాయిని గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. ఏమీ కాలేదు. అప్పుడు భార్య చెయ్యి తనే తీసుకెళ్ళి దాని మీద పెట్టారు.

రికార్డింగ్‌కి కూర్చునేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఏరియేటర్ చప్పుడు రాకుండా కిటికీలు మూసి, దుప్పట్లు కట్టాం. స్పీకర్ ముందు మైకు పెట్టాను. ఆంప్ ఆన్ చేసి, గిటార్ గుచ్చి, వాల్యూమ్ పెంచాను.

నిశ్శబ్దం.

జాయ్సీ చెరువువైపు తిరిగి నిలబడింది. అయినా నిశ్శబ్దమే. మెల్లగా కింద కూర్చుని, ఆంప్ మీద చెంప ఆనించింది. ఆ ఆంప్‌ని చూస్తే నాకు అసూయ పుట్టింది.

"చేతులు చూపించండి" అన్నాను.

"చూపించను. చూస్తే నొప్పి గుర్తొస్తుంది. మీరు ఆ మూల కూర్చోండి. ఊపిరి కూడా తియ్యకండి."

మొదటిసారి మధ్యలో వేలు జారింది. రెండోసారి పాపారావు గారి దగ్గు. ఆయన తలుపు అవతల్నుంచి "సారీ అమ్మా" అనడం కూడా రికార్డయింది. మూడోసారి బొబ్బల నొప్పికి సగంలోనే ఆపేసింది. అరచేయి వైపు చూసుకుంది. ఇంకోసారి, అంది తనలో తనే. కళ్ళు మూసుకుని మొదలెట్టింది.

ఈసారి ఆగలేదు. ఆ పాట నేను వర్ణించలేను, నాకు చేతకాదు. ఏ అడ్డూ లేకుండా వినపడింది, అంతే. ఆ అమ్మాయి కోపం, మొండితనం, మంగళవారం కళ్ళలో తిరిగిన నీళ్ళు, అన్నీ నాకు వినిపించాయి. చివరి స్వరం సాగి సాగి సన్నబడి పోయింది. అది పోయిన చోట నా గుండె చప్పుడొక్కటే మిగిలింది. నాకు తెలియకుండానే నోరు విప్పాను.

"నువ్వు రోజూ ఇలా వాయిస్తుంటే వినాలనుంది. నువ్వంటే నాకిష్టం జాయ్సీ."

కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. వేలితో లాప్‌టాప్ వైపు చూపించింది. రికార్డింగ్ ఎర్రచుక్క ఇంకా వెలుగుతోంది.

నేను చచ్చిపోయాను అనుకోండి. జాయ్సీ వెళ్ళి రికార్డింగ్ ఆపింది.

"సారీ అండి. చివర ఆ ముక్క కట్ చేసెయ్యండి. నేను..."

"టైమ్ అవుతోంది. మీరు బయటికెళ్ళండి, పంపాలి" అంది. ముఖంలో ఏముందో చదవలేకపోయాను.

బయటికొచ్చి సామాను సర్దుకున్నాను. బైకెక్కి పారిపోదామనుకున్నాను. మాణిక్యం గారు వదిలితే కదా. చేపల పులుసు వండాను, తినకుండా వెళ్తే నా మీద ఒట్టు అన్నారు. పాపారావు గారి పక్కన కంచం ముందు కూర్చున్నాను. పులుసన్నం కలుపుతూనే ఉన్నాను. ట్రాక్ ఓకే అవ్వాలి, అదొక్కటే చాలు, నన్ను ఈ ఇంటికి మళ్ళీ రానివ్వకపోయినా సరే అనుకున్నాను. అనుకున్నానే గానీ అందులో రెండో సగం నిజం కాదు.

ఆరు దాటింది. జాయ్సీ ఫోన్ పట్టుకుని వచ్చి మా ఎదురుగా నిలబడింది.

"వాయిస్ మెసేజ్ వచ్చింది. నేనింకా వినలేదు" అని నొక్కింది.

స్టూడియో మేడమ్ గొంతు గదంతా నిండింది.

"జాయ్సీ గారూ, ట్రాక్ విన్నామండి. ఇంట్లో చేసిన రికార్డింగ్ ఇంత శుభ్రంగా మాకు ఈ మధ్య రాలేదు. సోమవారం నుంచి మీరు మా మనిషే. ఇంకో సంగతండి. చివర్లో ఒకబ్బాయి మీతో ఏదో అన్నాడు. మైకు అంత బాగా పట్టింది. మా వాళ్ళందరం విన్నాం. మీరేం చెప్పారో మాత్రం అందులో లేదు. అది తెలిసేదాకా ఇక్కడెవరికీ పని సాగేట్టు లేదండి."

మాణిక్యం గారి చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది. పాపారావు గారు ముద్ద కంచంలో పెట్టేశారు.

"ఏమన్నారు బాబూ?"

అబద్ధం ఆడొచ్చు. పాట బాగుందన్నాను అంటే సరిపోయేది. కానీ వారం రోజులు ఒక చప్పుడు వెనకాల పడి తిరిగినవాణ్ణి, ఇక్కడ నోరు మూసుకుంటే నా అంత పిరికివాడు ఉండడనిపించింది. ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను.

"మీ అమ్మాయంటే నాకిష్టం అన్నానండి. రోజూ ఆవిడ వాయిస్తుంటే వినాలనుందన్నాను."

"ఆవిడ అనే అన్నారా?" అన్నారు పాపారావు గారు.

"లేదండి. నువ్వు అన్నాను."

నేను జాయ్సీ వైపు తిరిగాను. "కట్ చెయ్యమన్నాను కదండీ?"

"ఎందుకు కట్ చెయ్యాలి?" అంది. "వాళ్ళు నాయిస్ తీసెయ్యమన్నారు. అది నాయిస్ కాదు కదా."

"చర్చికి వస్తారా బాబూ మీరు?" అన్నారు మాణిక్యం గారు.

"వస్తుంటానండి. స్పీకర్లు పాడైనప్పుడల్లా."

ఆవిడ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు. పాపారావు గారు నా కంచంలోకి ఒక పెద్ద చేపముక్క వేశారు.

"కూర్చోండి బాబూ, పులుసు చల్లారిపోతోంది" అని, కూతురి వైపు చూశారు. "వాళ్ళకి పని ఆగిపోయిందట కదమ్మా. జవాబేదో పంపించు, పాపం."

జాయ్సీ బొబ్బలెక్కిన చేత్తో ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. నా కళ్ళలోకే చూస్తూ, హైదరాబాద్‌కి వినపడేలా చెప్పింది.

"నాకూ నువ్వంటే ఇష్టం ఫణీ. రేపు మీ అమ్మగారిని తీసుకురా."